పరుపు అనే కసాయి

పోస్టరు మీద అతన్ని చూస్తే చంటిపిల్లలు జడుసుకునేవారు. మోకాళ్ళ దాకా తోలు ఏప్రన్, దాని నిండా ఎర్రరంగు మరకలు, కోరచూపు, కింద లావుపాటి అక్షరాల్లో ‘కసాయి’ అని పేరు. ఆ ఏప్రన్ కుట్టింది అతని భార్య. మరకలు వేసిందీ ఆమే, కిటికీ తలుపులకు వేయగా మిగిలిన రంగుతో. ఇక కోరచూపు సంగతంటారా, కళ్ళజోడు తీసేస్తే అతనికి ఎదుటి మనిషి సరిగ్గా ఆనడు, అందుకని కళ్ళు చికిలించేవాడు. జనం దాన్ని క్రూరత్వం అనుకున్నారు, అతనూ కాదనలేదు.

రింగు వెనక బట్టలు మార్చుకునే గదిలో మాత్రం అతన్ని కసాయి అని పిలిచిన వాళ్ళు లేరు. అక్కడ అతని పేరు పరుపు. మొదటిసారి రింగెక్కిన ఓ కుర్రవాణ్ణి అతను నెత్తిమీదికెత్తి కింద పడేస్తే, వాడు లేచి ఒళ్ళంతా తడుముకుని, “ఏంటన్నా, పరుపు మీద పడేసినట్టుంది” అన్నాడట. ఆ పేరు అలా అతుక్కుపోయింది. కొత్తగా ఎవరు చేరినా, మొదటి ఆట పరుపుతోనే పెట్టించుకోవాలని నిర్వాహకుడి వెంట పడేవారు.

పగలు అతను ఫర్నిచర్ దుకాణంలో సామాను చేరవేసేవాడు. బీరువాలు, ఫ్రిజ్‌లు, అద్దాల బల్లలు. ఇరుకు మెట్లమీద మలుపులు తిప్పుకుంటూ పై అంతస్తుకు చేర్చి, గోడకు గీత పడకుండా, కింది వాటాలో పడుకున్న వాళ్ళకు మెలకువ రాకుండా దించి వచ్చేవాడు. “ఎత్తడానికేముంది, కండున్న వాడెవడైనా ఎత్తుతాడు. దించేటప్పుడు చూడాలి వాడి పని” అని దుకాణంలోనూ అదే మాట, రింగులోనూ అదే మాట.

ఈ కుస్తీ ఎలాంటిదో తెలియని వారికి రెండు ముక్కలు చెప్పాలి. ఇది టికెట్ పెట్టి ఆడే కుస్తీ. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ రహస్యం తెలిసిపోయిన పెద్దమనుషులు కొందరు “అంతా ఉత్తుత్తిదే కదా” అని పెదవి విరుస్తారు. గెలుపు ఉత్తుత్తిదే, ఎవరు కాదన్నారు. పడటం ఉత్తుత్తిది కాదు. ఇనప చట్రం, దాని మీద చెక్కలు, చెక్కల మీద వేలెడు మందం స్పాంజి, పైన బిగించి కట్టిన గుడ్డ. రింగంటే అంతే. ఆ పెదవి విరిచే వారిని ఒక్కసారి దాని మీద వెల్లకిలా పడమనాలి, మర్నాడు కుర్చీలోంచి లేచేటప్పుడు మాట్లాడదాం.

అందుకే ఆ బృందంలో ఒక పద్ధతి ఉండేది. మనిషిని తలకిందులుగా ఎత్తి పట్టుకున్నాక, దించే ముందు, ఎత్తినవాడు అవతలివాడి నడుమును వేళ్ళతో ఒకసారి నొక్కాలి. సిద్ధమా అని అడగడమన్నమాట. వేలాడుతున్నవాడు గడ్డం గుండెకు ఆనించుకుని, మెడ బిగించుకుని, ఎత్తినవాడి మోకాలి వెనక కుడిచేత్తో తిరిగి నొక్కాలి. సిద్ధం అని జవాబు. జవాబు వస్తేనే దించాలి. రాలేదంటే, హాలు మొత్తం గోల పెడుతున్నా సరే, మనిషిని మామూలుగా కాళ్ళమీద నిలబెట్టేసి, మరో పట్టేదో పట్టి ఆట నడిపించుకోవాలి. దీన్ని వాళ్ళు నొక్కుడు అనేవారు. జనానికి ఈ సంగతి తెలియదు.

నొక్కుడు విషయంలో పరుపు మహా చాదస్తం మనిషి. కొత్తవాళ్ళను చాలా రోజుల వరకూ మనిషి జోలికి పోనిచ్చేవాడు కాదు. ఇసక బస్తా ఎత్తించి, దింపించి, చప్పుడైతే మళ్ళీ ఎత్తించేవాడు. ఓసారి ఒకడు విసుగెత్తి, “బస్తా తిరిగి నొక్కదు కదన్నా, మరి దించమంటావేం?” అన్నాడు.

“బస్తాకి అక్కాచెల్లెళ్ళు లేరు కదరా” అన్నాడు పరుపు.

అందరూ నవ్వారు. ఆ మాట అతను సరదాకి అనలేదని తెలిసినవాడు అక్కడ ఒక్కడే, అతని బావమరిది.

ఈ బావమరిది చిన్నప్పుడే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నాడు. అక్కే అమ్మయింది. ఆమెకు పెళ్ళయ్యాక చిన్న సంచీ భుజాన వేసుకుని ఆమె వెనకే వచ్చేశాడు. బక్కగా, పొడుగ్గా, కాలు ఒక చోట నిలవని మనిషి. గేటు తెరుచుకుని రావడానికి బద్ధకించి ప్రహరీ దూకి వచ్చేవాడు. రింగు వెనక గదిలో వాడికి మిడత అని పేరు పడిందంటే ఆశ్చర్యమేముంది. తాళ్ళమీంచి ఎగిరి దూకితే జనం వెర్రెత్తిపోయేవారు.

వాడు కుస్తీలో చేరతానన్న రోజు అక్క కుట్టు మిషను ఆపేసింది. నోట్లో ఉన్న గుండుసూది తీసి దిండుకు గుచ్చింది. మొగుడి రెండు చేతులూ పట్టుకుని, బజార్లో ఏదో బేరం చేస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఈ చేతుల్ని నమ్మి ఒప్పుకుంటున్నానండీ. పైకెత్తి పడేసే ఆటలు మీతోనే ఆడించండి. వాడి మెడ వేరేవాళ్ళ చేతిలో పెట్టకండి.”

“నాకన్నా వీడి మెడ మీదే నీకు ప్రేమెక్కువ” అన్నాడు పరుపు వేళాకోళంగా.

“అవును, ఎక్కువే” అంది ఆమె, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెడుతూ.

చాలా ఏళ్ళు బాగానే నడిచింది. ఆదివారం సాయంత్రాలు పాత గిడ్డంగిలో ఆట. కసాయి మిడతను పట్టుకుని చితక్కొట్టడం, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు అతన్ని శాపనార్థాలు పెట్టడం, చివర్లో మిడత ఎగిరి తన్నితే కసాయి బోర్లా పడటం. తర్వాత బావా బావమరుదులిద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటికొచ్చి, ఆమె పెట్టింది తిని, ఎవడి నడుముకు వాడు మందు రాసుకుని పడుకోవడం.

అప్పుడు ఊరి అవతలి వైపు కొత్త బృందమొకటి లేచింది. వాళ్ళ పద్ధతే వేరు. ఇనప కుర్చీ మడిచి ఒట్టి నెత్తిమీద కొట్టేవారు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం పిరికితనం వాళ్ళ లెక్కలో. నిచ్చెనల మీంచి మెడ మీద పడేవారు. నెత్తురు కారితే తుడుచుకునేవారు కాదు, ఫొటోల కోసం. వాళ్ళలో ఒకడు ఆట అయ్యాక తన చెప్పులేవో గుర్తుపట్టలేక గుమ్మంలో నిలబడిపోతున్నాడని విన్నప్పుడు పరుపు రాత్రంతా మూలిగాడు. జనం ఏమీ మూలగలేదు. టికెట్లు అటు తెగడం మొదలుపెట్టాయి.

జనం సంగతి ఇంత మంచివాడైన పరుపుకు అర్థం కాలేదు గానీ, నన్నడిగితే చెప్తాను. ఒకసారి నిజం నెత్తురు చూపిస్తే, ఆ తర్వాత ఎర్రరంగు చూసి నవ్వుతారు. నవ్వారు కూడా. కసాయి ఆట మొదలు కాగానే లేచి టీకి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. మెల్లగా దానికి టీ ఆట అని పేరు పెట్టారు. అతను రింగులోకి అడుగు పెడితే చాలు, వెనక వరసల్లోంచి “టీ, టీ” అని తాళం వేసినట్టు అరుపులు. నిర్వాహకుడు ఒకరోజు భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు.

“అన్నా, నీ పనితనం నాకు తెలీదా. కానీ జనానికి పనితనం కనపడదు. భయం కనపడాలి.”

ఆ వారమే ఒక ఇంటికి సోఫా తీసుకెళ్ళాడు పరుపు. ఇంటాయన చాలా మర్యాదస్తుడు, మంచినీళ్ళిచ్చి, మొహంలోకి తేరిపార చూసి, “మీరు ఆ కసాయి కదూ. మా ఆఫీసులో అంతా మీ ఆటలో టీ తాగుతామండీ. నిజం చెప్పండి, మీ దెబ్బ అసలు తగలనే తగలదట కదా?” అన్నాడు. పక్కన ఆయన భార్యా, పిల్లలూ నవ్వు ఆపుకుంటున్నారు. పరుపు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఏం బాగుంటుంది. సోఫా దించి, ప్లాస్టిక్ కవరు విప్పి, మెట్లు దిగి వ్యాన్ ఎక్కాక అతనికి చెవుల దాకా వేడెక్కింది. జీవితమంతా ఎవరికీ దెబ్బ తగలకుండా పనిచేసినందుకు అతనికి సిగ్గేసింది. సిగ్గు పడాల్సిన విషయం అది కాదు. అసలైనది తర్వాత వచ్చింది.

మిడతే మొదలుపెట్టాడు మాట. బావ మొహం చూడలేకపోయాడు వాడు.

“బావా, తలకిందుల దింపు మనం ఎప్పుడూ నీ తొడల మధ్య నా తల దాచే కదా వేస్తాం. తొడలు విడిచిపెట్టి వేద్దాం. నిలబడ్డ చోటి నుంచి నేరుగా కూర్చుండిపో. నేను మెడ ముడుచుకుని భుజాల మీద పడతా. చూసేవాళ్ళకి తల మీద పడ్డట్టే ఉంటుంది. టీ తాగేవాళ్ళ చేతుల్లో కప్పులు జారిపోవాలి.”

“మీ అక్కకి తెలిస్తే నా తల ఉండదు.”

“నొక్కుడు ఉంది కదా బావా. నేను నొక్కకపోతే నువ్వు దించవు. ఇంక భయమేముంది.”

మధ్యాహ్నాలు గిడ్డంగి ఖాళీగా ఉన్నప్పుడు మెత్తటి బొంతలు పరిచి సాధన చేశారు. ప్రతిసారీ పరుపు నొక్కడం, మిడత నొక్కడం, దించడం. ఒకసారి మిడతకు తుమ్మొచ్చి నొక్కలేదు, పరుపు వెంటనే వాణ్ణి నిలబెట్టేశాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. బొంతలు తీసేశాక కూడా సజావుగానే వచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. పరుపు రింగులోకి రాగానే యథాప్రకారం “టీ, టీ” అన్నారు. కుర్చీలు జరిగిన చప్పుళ్ళు. అతను చెవిన వేసుకోనట్టు నటించాడు. ఆట మధ్యలో మిడత తాళ్ళమీంచి బయటికి దూకినప్పుడు కాలు తేడాగా పడి, తల పోయి జనం ముందున్న కమ్మీకి తగిలింది. గట్టి దెబ్బేం కాదు. లేచి నిలబడ్డాడు. కాకపోతే రెప్పలు టపటపలాడించి, రింగు ఎటుందో వెతుక్కున్నట్టు ఒకసారి తల తిప్పాడు. పరుపు అది చూశాడు. కళ్ళజోడు లేకపోయినా చూశాడు. చూడలేదని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా ప్రయోజనం లేకపోయింది.

వాణ్ణి లోపలికి లాగి, తలకిందులుగా ఎత్తాడు. తొడలు దూరం జరిపాడు. మిడత తల గాల్లో, చెక్కలకు ఎదురుగా, ఏ అడ్డూ లేకుండా వేలాడింది. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. టీకి వెళ్తున్నవాళ్ళు ద్వారం దగ్గరే ఆగి వెనక్కి తిరిగారు. ఒకడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, వాణ్ణి చూసి పక్కవాడు, ఆ పక్కవాడు. అందరూ లేచి నిలబడ్డారు, అతని కోసం.

పరుపు వేళ్ళతో నడుము నొక్కాడు.

మోకాలి వెనక ఏమీ తగల్లేదు. మిడత కుడిచెయ్యి అతని కాలికి ఆని ఉందంతే, బరువుగా, తడిగా. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన చెయ్యి. జవాబు చెప్పలేదు.

కాళ్ళమీద నిలబెట్టేయాలి. ఇసక బస్తాల దగ్గర కొన్ని వందలసార్లు తను చెప్పిన పాఠమది. తెలుసు. తెలిసే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నిలబెట్టేస్తే జనం నవ్వుతారు. ఇంతా చేసి టీ ఆటే అంటారు. ఆ కుర్చీ ఎక్కినవాడు దిగిపోతాడు. అతను ఇంకోసారి నొక్కి చూడను కూడా లేదు. కూర్చుండిపోయాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. చెక్కలు ఎప్పుడూ ఇంతకంటే గట్టిగా మోగేవి. ఆ వెంటనే చప్పట్లు. కప్పు కూలిపోతుందేమో అన్నంత చప్పట్లు, ఈలలు, “కసాయి, కసాయి” అని కేకలు. ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. అతనికి ఆనందం కలిగింది. ఒళ్ళంతా పాకింది. లేచి, మిడత గుండె మీద కాలు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. రెఫరీ మోకాళ్ళమీద కూర్చుని మిడత చెవిలో ఏదో అడిగి, మళ్ళీ అడిగి, తెల్లబోయి లేచి, రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టాడు. ఇది ఆట కాదు, డాక్టర్ని పిలవండి అని దానికి అర్థం. అది చూసేదాకా పరుపు కాలు మిడత గుండె మీదే ఉంది.

మెడ ఎముక చిట్లింది. ప్రాణానికి భయం లేదని, నడవగలడని డాక్టర్లు చెప్పారు. కుడిచేతికి వెళ్ళే నరం మాత్రం నలిగింది, తిరిగి ఎంత వస్తుందో చెప్పలేమన్నారు. మిడత మెడకు పట్టీతో మంచం మీద కప్పు కేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. పక్క స్టూలు మీద పరుపు. అక్క ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చింది.

“బావా, బూట్ల తాళ్ళు కట్టుకోవడం దాకా గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు” అన్నాడు మిడత. “నేను నొక్కానా?”

గుమ్మంలో ఆమె ఆగిపోయింది. నొక్కడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు, రోజూ భోజనాల దగ్గర వినే మాటే.

“నొక్కావు” అన్నాడు.

మిడత, “అయితే నాదే తప్పు బావా. మెడ బిగించకుండానే నొక్కేసుంటాను. నా ఒళ్ళే నన్ను మోసం చేసింది. నువ్వు మనసులో పెట్టుకోకు” అన్నాడు.

ఆమె లోపలికొచ్చి, ఫ్లాస్కు పెట్టి, మొగుడి వీపు మీద చెయ్యి వేసింది. “మీరేం చేస్తారు లెండి. వాడి గ్రహపాటు” అంది. ఆ చెయ్యి తీసేయమని అరవాలనిపించింది పరుపుకు. అరవలేదు, తల దించుకుని కూర్చున్నాడు. చూసినవాళ్ళు బావమరిది మీద బెంగ అనుకున్నారు.

అక్కణ్ణుంచి అతనికి మర్యాదలు పెరిగాయి, అదీ చిత్రం. దుకాణంలో యజమాని బరువు పనులు చెప్పడం తగ్గించాడు, మనసు బాగోలేని మనిషని. సోఫా కొన్న ఇంటాయన వెతుక్కుంటూ వచ్చి, మొన్న అన్న మాటకు ఏమీ అనుకోవద్దని చెయ్యి చాచాడు. ఆ చేతిని అందుకోవడానికి పరుపు చెయ్యి వెంటనే లేవలేదు. వీధిలో కుర్రాళ్ళు ‘టీ’ అనడం మానేసి పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న గౌరవం అది. ఇంటికి వచ్చి అద్దంలో మొహం చూసుకోవాల్సి వస్తుందని గడ్డం గీసుకోవడం మానేశాడు. రింగెక్కడం మానేశాడు. భార్య ఏప్రన్ తుడిచి, మడిచి, పెట్టెలో పెట్టింది, ఎప్పుడైనా వెళ్తాడని.

ఇంట్లో అన్నిటికంటే కష్టం మిడతతో కూర్చోవడం. వాడికి కుడిచేతి వేళ్ళకు స్పర్శ లేదు. గ్లాసు వేళ్ళకు తగిలిందో లేదో చూసుకుంటే గాని తెలియదు. చొక్కా గుండీలు అక్క పెట్టేది. వాడు మాత్రం బావను ఏమీ అనకపోగా, ఎవరొచ్చినా ముందు బావనే వెనకేసుకొచ్చేవాడు. “బావ పద్ధతి ప్రకారమే చేశాడు. నేను నొక్కాను, మెడే బిగించలేదు” అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు గోడకానుకుని, గడ్డం గుండెకు ఆనించుకునే సాధన చేసేవాడు, మెల్లిగా, నొప్పితో పళ్ళు బిగబట్టి. ఎక్కడ తప్పిందో పట్టుకోవాలని. పరుపు పక్కగదిలో కూర్చుని ఆ మూలుగు వినేవాడు.

ఒకరోజు బృందంలోని కొత్త కుర్రాడొకడు చూడ్డానికి వచ్చాడు, వెళ్తూ వెళ్తూ పరుపుతో గుమ్మంలో అన్నాడు. “అన్నా, ఇప్పుడు మావాళ్ళు నొక్కుడు పెద్దగా పట్టించుకోవట్లేదు. మీ ఇద్దరి మధ్య, అదీ నొక్కిన తర్వాత కూడా జరిగిందంటే, ఇంక దాన్ని నమ్ముకుని ఏం లాభం అంటున్నారు. టైమ్ కూడా కలిసొస్తుంది కదా.”

పరుపు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. తను చెప్పింది ఒక్క మాట. ఆ ఒక్క మాటకు ఒకడు తన ఒంటినే తిట్టుకుంటున్నాడు, మిగతావాళ్ళు ఒకరినొకరు అడగకుండా తలకిందులు చేసుకుంటున్నారు. లోపలికి వెళ్ళి చెప్పేద్దామని రెండడుగులు వేశాడు. గదిలో ఆమె తమ్ముడికి గోళ్ళు తీస్తోంది, ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. వెనక్కి వచ్చేశాడు. ఆ రోజూ చెప్పలేదు, ఆ మర్నాడూ చెప్పలేదు. రేపు, రేపు అనుకుంటూ తనను తాను అసహ్యించుకోవడం ఒక దినచర్య అయిపోయింది.

వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి వారం వారం వెళ్ళేవారు ముగ్గురూ. చిన్న గది, గోడకు చక్రాలూ తాళ్ళూ, మూలన రబ్బరు బంతుల బుట్ట, మధ్యలో ఒక బల్ల, దాని మీద మడిచి వేసిన తువ్వాలు. ఆ రోజు ఆ అమ్మాయి మిడత కుడిచేతిని తువ్వాలు మీద పెట్టి, పరుపును ఎదురుగా కూర్చోమంది.

“మీ చెయ్యి ఈయన చేతిలో పెట్టండి. ఈయన కళ్ళు మూసుకుని మీ చెయ్యి నొక్కుతారు. ఈయనకి స్పర్శ లేదు కాబట్టి నొక్కారో లేదో ఈయనకి తెలీదు. మీరే చెప్పాలి. చూడండి, ఇంట్లోవాళ్ళు జాలిపడి నొక్కాడు, నొక్కాడు అంటుంటారు. అలా చెప్పకండి. మీ మాటను బట్టే నరం ఎంత వచ్చిందో నేను రాసుకోవాలి. మీరు తప్పు చెప్తే ఈయనకే నష్టం.”

“మా బావ అబద్ధం చెప్పడులెండి” అన్నాడు మిడత, కళ్ళు మూసుకుంటూ.

అక్క పక్కనే నిలబడి ఉంది, తమ్ముడి చొక్కా చేతి మీద వేసుకుని. పరుపు తన చెయ్యి మిడత చేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉందది. మోకాలి వెనక ఆనిన చెయ్యి అదే. మిడత నుదుటి మీద నరాలు ఉబ్బాయి, పెదవి బిగించాడు, మొహం ఎర్రబడింది. అరచేతిలో మాత్రం ఏమీ కదల్లేదు.

“నొక్కానా బావా?”

పరుపు ఆ చేతినే చూస్తున్నాడు.

“లేదురా” అన్నాడు.

“పర్లేదు. మళ్ళీ నొక్కుతా, ఉండు.”

“ఇప్పుడు కాదు. ఆ రోజు.” అతని గొంతు అతనికే వినపడనంత చిన్నదైపోయింది. “ఆ రోజు నువ్వు నొక్కలేదు. నేను నొక్కాను, నువ్వు నొక్కలేదు. తెలిసే కూర్చుండిపోయాను. జనం లేచి నిలబడ్డార్రా. అందుకని.”

వ్యాయామం అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు, కలం పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. మిడత కళ్ళు తెరిచాడు. కోపం వస్తుందని పరుపు చూశాడు, వస్తే బాగుండుననీ అనుకున్నాడు. మిడత మెడ మీదికి ఎడమచెయ్యి పోయింది, పట్టీ ఉండే చోట తడుముకున్నాడు.

“అయితే నా ఒళ్ళు తప్పు చెయ్యలేదన్నమాట” అన్నాడు నెమ్మదిగా. “ఇన్నాళ్ళూ దీన్ని తిట్టుకుంటూనే ఉన్నాను బావా. నువ్వు పక్కగదిలో వింటూనే ఉన్నావు.”

పరుపు తల ఎత్తలేకపోయాడు. భార్య ఏదైనా అంటుందని ఎదురుచూశాడు. ఆమె చేతిమీది చొక్కా కుర్చీ వీపుకు తగిలించి, వంగి, పరుపు చేతికి ఆని ఉన్న తమ్ముడి చేతిని రెండు చేతులతో ఎత్తింది. బల్ల మీద తువ్వాలు సరిచేసి, చప్పుడు కాకుండా, నెమ్మదిగా దాన్ని తన వైపు, తన అరచేతిలోకి దించుకుంది.

“నొక్కు నాన్నా” అంది తమ్ముడితో. “నేను చెప్తాను.”